పన్నెండేళ్ళ శిష్యరికం, ఒక్క రాత్రి విద్య

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. సెలవులకి చుట్టాలంతా చేరినప్పుడు డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుపెట్టాం, తలా ఒక పాత్రై పాచికలేస్తూ కథ నడిపే ఆట. కథ నడిపే డంజన్ మాస్టర్‌ని, అంటే డీఎంని, నేనే. కథంతా గోదారి లాంటి నది, లంకలు, కాలవలు ఉన్న దేశంలో జరుగుతుంది. మా తమ్ముడు విజార్డ్, అంటే చదువుకుని మంత్రాలు వేసే పాత్ర. గురువు ఇంట్లో పన్నెండేళ్ళు ఉన్నట్టు నాలుగు పేజీల బ్యాక్‌స్టోరీ రాసుకొచ్చాడు. దాన్ని ఏం చెయ్యాలో తెలీక, కథకి ఊపొస్తుందని మొదటి సెషన్‌లోనే గురువుని చంపేశాను. వాడు అప్పుడే చిన్నబుచ్చుకున్నాడు. మా పిన్ని కొడుకు కత్తి పట్టే ఫైటర్. ఇప్పుడు అయిదో లెవెల్‌కి విజార్డ్ క్లాసు, అంటే ఆ విద్య కూడా, తీసుకుంటానన్నాడు. పుస్తకంలో ఉంది కదా అని సరే అన్నాను. "నేను పన్నెండేళ్ళు నీళ్ళు మోసి నేర్చుకున్నది వీడు ఒక్క రాత్రి పడుకుని లేచేసరికి నేర్చేసుకున్నాడా?" అని మా తమ్ముడు లేచి వెళ్ళిపోయాడు. ఇద్దరికీ మాటల్లేవు. ఈలోగా పక్కింట్లో తొమ్మిదో తరగతి పాప తనూ చేరతానని, మంత్రగాడి శిష్యురాలిగా ఆడతానని అడుగుతోంది. శిష్యరికాన్ని ఆటలో ఎలా పెట్టాలండి? ఎన్నేళ్ళు పెట్టాలి? చచ్చిపోయిన గురువుని ఏం చెయ్యాలి?

సమాధానం:

మీ తమ్ముడి కోపంలో న్యాయం ఉందమ్మా. మిగతా సంగతులు తర్వాత, ముందు వెళ్ళి ఆ మాట అతనికి చెప్పండి. రూల్స్ ప్రకారం మీరు చేసిన దాంట్లో తప్పు లేదు. కానీ శిష్యరికం విషయంలో ఆ రూల్స్‌కే నిలకడ లేదు. అతను పట్టుకున్నది సరిగ్గా అదే.

లెక్క చూద్దాం. 2014 నాటి రూల్స్ పుస్తకంలో మొదటి లెవెల్ విజార్డ్‌కి మూడు క్యాంట్రిప్‌లు (ఎన్నిసార్లైనా వేసే చిన్న మంత్రాలు), స్పెల్‌బుక్‌లో ఆరు స్పెల్స్ (పెద్ద మంత్రాలు), వాటిని వెయ్యడానికి రోజుకి రెండు స్లాట్లు ఇస్తారు. నాలుగు లెవెల్స్ కత్తి తిప్పిన ఫైటర్ అయిదో లెవెల్‌లో విజార్డ్ క్లాసు తీసుకుంటే అతనికీ అవే మూడు క్యాంట్రిప్‌లు, అవే ఆరు స్పెల్స్. కావలసిందల్లా ఇంటెలిజెన్స్ (తెలివి) స్కోరు 13, తన పాత క్లాసుకి సరిపడా బలమో చురుకో 13. అదే పుస్తకంలో ఖాళీ రోజుల్లో ఒక కొత్త భాష నేర్చుకోవాలంటే 250 రోజులు పడుతుందని, రోజుకో బంగారు నాణెం ఖర్చని రాసి ఉంది. పరాయి ఊరి భాషకి ఎనిమిది నెలలు పట్టే లోకంలో మంత్రవిద్య తెల్లారేసరికి వచ్చేస్తోంది. మీ తమ్ముడికి మండదూ మరి?

ఈ తగువు చాలా పాతది. 1979లో వచ్చిన డంజన్ మాస్టర్ పుస్తకంలో, మనిషి జాతి ఫైటర్‌కి మొదటి వయసు 15కి ఒక నాలుగు ముఖాల పాచిక కలిపితే వచ్చేది. మాంత్రికుడికేమో 24కి రెండు ఎనిమిది ముఖాల పాచికలు. అంటే ఫైటర్ 16–19 ఏళ్ళ కుర్రాడైతే, మాంత్రికుడు 26 నుంచి 40 దాకా ఎంతైనా కావచ్చు. 2000లో మూడో ఎడిషన్ వచ్చేసరికి ఈ తేడా తగ్గించారు. ఫైటర్‌కి 15కి ఒక ఆరు ముఖాల పాచిక, విజార్డ్‌కి రెండు. చాలాకాలం బతికే ఎల్ఫ్ జాతి విజార్డ్ అయితే 110కి పది పాచికలు కలపాలి. మొదటి లెవెల్ ఎల్ఫ్ 170 ఏళ్ళవాడు కావచ్చన్నమాట. అదే ఎడిషన్‌లో ఏ లెవెల్ దగ్గరైనా ఇంకో క్లాసు కలుపుకునే స్వేచ్ఛ అందరికీ వచ్చింది. ఒక పేజీలో పన్నెండేళ్ళ చదువు, ఇంకో పేజీలో ఒక్క రాత్రి. 2014 పుస్తకంలో క్లాసుని బట్టి వయసు చెప్పే పట్టికే లేదు. తగువు మాత్రం మిగిలిపోయింది.

ఎన్నేళ్ళు పెట్టాలని అడిగారు. ఎన్నేళ్ళు పెట్టినా అది క్యారెక్టర్ వివరాలు రాసుకునే షీట్ మీద ఒక అంకె, అంతే. 24 ఏళ్ళ విజార్డూ 17 ఏళ్ళ ఫైటరూ మొదటి గోబ్లిన్ ఎదుట ఒకే లెవెల్‌లో నిలబడాలి. ఎక్కువ చదివాడు కదా అని విజార్డ్‌కి అదనంగా రెండు స్పెల్స్ ఇచ్చారనుకోండి, వచ్చేవారం మిగతావాళ్ళంతా ఇరవయ్యేసి ఏళ్ళ కథలు రాసుకొస్తారు. ఆ దారి తొక్కకండి.

పన్నెండేళ్ళు ఒకరింట్లో ఉండి చదువుకున్నవాడికి దక్కేది స్పెల్స్ ఒక్కటే అనుకుంటే ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. అతనికి దక్కింది ఒక ఇల్లు. ఆ ఇంట్లో గురువుగారు, ఆయన భార్య, తనకంటే ముందు చేరినవాళ్ళు, వెనక చేరినవాళ్ళు, ఇంటికి బియ్యం అరువిచ్చే కొట్టువాడు, గురువుగారి పేరు చెబితే మండిపడే పక్క ఊరి పెద్దమనిషి ఉంటారు. తీర్చవలసిన బాకీలు ఉంటాయి. అడిగినా చెప్పని విద్యలు ఉంటాయి. వీటిని డీఎం ఆటలోకి తెస్తే ఆ పన్నెండేళ్ళూ ప్రతి సెషన్‌లోనూ పనిచేస్తాయి. తేకపోతే నాలుగు పేజీలూ ఫైల్లో పడుంటాయి. మీరు ఆ ఇంట్లోంచి మొదటి రోజే పెద్దదిక్కుని తీసేశారు, మిగతావాళ్ళని లోపలికి పిలవనేలేదు. మీ తమ్ముడు నొచ్చుకున్నది గురువు చచ్చిపోయినందుకు మాత్రమే కాదనిపిస్తోంది నాకు. తను కట్టుకున్న ఇల్లంతా ఆయనతోపాటే పోయింది కదా.

ఈ విషయాన్ని అన్నిటికంటే శ్రద్ధగా పట్టించుకున్న ఆట ఆర్స్ మ్యాజికా. 1987లో మొదటిసారి వచ్చింది. జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్‌హేగెన్ రాశారు. అందులో శిష్యరికం 15 ఏళ్ళు. ఏడాదికి నాలుగు ఋతువులు. గురువు వాటిలో ఒక్క ఋతువు శిష్యుడికి పాఠం చెప్పి తీరాలి. మిగతా మూడింటిలోనూ శిష్యుడు గురువుగారి ప్రయోగశాలలో చాకిరీ చేస్తాడు. ఆ ఒక్క ఋతువూ ఎగ్గొట్టే గురువు దగ్గర్నుంచి వేరే మాంత్రికుడు శిష్యుణ్ణి తీసుకుపోవచ్చు. లెక్కేస్తే 15 ఏళ్ళలో పాఠం నడిచింది నాలుగేళ్ళ కంటే తక్కువే. చివర్లో పరీక్ష, అది గట్టెక్కాకే మాంత్రికుడు. నాకు ఈ ఏర్పాటు ఎందుకిష్టమంటే, శిష్యుడి టైమంతా ఎటు పోయిందో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. గురువు ఎంత ఇచ్చాడో, ఎంత పుచ్చుకున్నాడో ఆడేవాడికి తెలుస్తుంది.

మీ దేశంలో కాలవలు ఉన్నాయన్నారు కాబట్టి ఈ నియమాన్ని మన ఏడాదిలోకి మార్చుకోండి. సార్వా, దాళ్వా, ఆ రెంటికీ మధ్య వేసవిలో కాలవలు కట్టేసే రోజులు. నీళ్ళు ఆగాక పూడికలు తీస్తారు, లాకులకి మరమ్మతులు చేస్తారు, పొలంలో పెద్దగా పనుండదు. మీ లంకలో ఉన్న గురువు పాఠం చెప్పేది ఆ రోజుల్లోనే అని పెట్టండి. కాలవలోకి నీళ్ళు వదిలిన రోజునుంచీ పాఠం బంద్, అందరూ పనిలోకి. ఏడాదికి రెండు నెలలనుకున్నా పన్నెండేళ్ళకి కలిపి రెండేళ్ళ చదువు. రెండేళ్ళకి ఆరు స్పెల్స్, మూడు క్యాంట్రిప్‌లు అంటే ఎవరూ తక్కువనరు. మిగతా పదేళ్ళ మాటేమిటన్నదే అసలు కథ.

ఆ పదేళ్ళ సంగతి మనకి భారతం ఆదిపర్వంలోనే ఉంది. ధౌమ్యుడు ఆరుణిని పొలానికి పంపి గట్టుకి పడ్డ గండి పూడ్చి రమ్మంటాడు. ఎంత మట్టి వేసినా నిలవదు. ఆరుణి తనే ఆ గండికి అడ్డంగా పడుకుంటాడు. గురువు వెతుక్కుంటూ వచ్చి పిలిచేదాకా లేవడు. వేదాలన్నీ నీకు వస్తాయని గురువు దీవించింది ఏ పాఠం అప్పజెప్పాకనో కాదు, ఆ పొలంలోంచి లేచి వచ్చాకే. వరద రోజుల్లో ఏటిగట్టు మీద ఇసకబస్తాలు మోసిన మన ఊళ్ళవాళ్ళకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. మీ తమ్ముడు "నీళ్ళు మోసి" అన్నాడు చూశారా, ఆ నీళ్ళు ఎక్కడివో, ఎవరికోసమో అడగండి.

పన్నెండేళ్ళు అన్న సంఖ్య కూడా మంచిదే దొరికింది. గోదావరి పుష్కరాలు 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లో. మీ నదికీ పుష్కరాలు పెట్టండి. గురువులు పుష్కరాలకి రేవులోనే శిష్యుల్ని చేర్చుకుంటారు, మళ్ళీ పుష్కరాలకి అదే రేవులో విడిచిపెడతారు. దీంతో ఒకే ఏడు చేరినవాళ్ళంతా ఒక జట్టవుతారు. దేశంలో ఎక్కడ విజార్డ్ తగిలినా "మీది ఏ పుష్కరం?" అని అడుగుతారు. పన్నెండేళ్ళ వయసులో చేరితే 24కి బయటికొస్తాడు. 1979 పట్టికలో మాంత్రికుడి వయసుకి పాచికలు కలపడం మొదలుపెట్టేదీ ఆ 24 దగ్గరే.

ఇక ఈ పన్నెండేళ్ళని క్యారెక్టర్ తయారీలో ఎలా పెట్టాలన్న సంగతి. నాలుగు పేజీల కథ రాయించకండి. రాసినవాడు ఒక్కడే చదువుకుంటాడు దాన్ని. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే ఆటలో క్యారెక్టర్ గత జీవితాన్ని నాలుగేళ్ళకో విడతగా పాచికలేస్తూ నడిపేవారు. పాచిక కలిసిరాకపోతే ఆట మొదలవకముందే క్యారెక్టర్ చచ్చిపోయేవాడు కూడా. చావు మనకి అక్కర్లేదు, విడతలు తీసుకుందాం. పుష్కరాన్ని మూడు విడతలు చెయ్యండి, ఒక్కోటి నాలుగేళ్ళు. విడతకో ప్రశ్న అడగండి, అందరూ టేబుల్ దగ్గర ఉండగానే. ముఖ్యమైన సంగతేమిటంటే, మిగతా ఆటగాళ్ళకీ ఆ ఇంట్లో తలా ఒక వేషం ఇవ్వండి. ఒకరు గురుపత్ని, ఒకరు పెద్ద శిష్యుడు. మీ పిన్నిగారబ్బాయికి గురువుగారి వేషమే ఇవ్వండి, కావాలనే చెబుతున్నాను. మీ తమ్ముడి చేత అతనే నీళ్ళు మోయించాలి.

ఎలా నడుస్తుందో చూపిస్తాను. మొదటి విడత: నిన్ను ఎందుకు చేర్చుకున్నారు, మీవాళ్ళు బదులుగా ఏమిచ్చారు? కుర్రాడు పడవవాడి కొడుకనుకుందాం. ఫీజు కట్టే స్తోమత లేదు. పన్నెండేళ్ళూ గురువుగారినీ ఆయన చుట్టాలనీ ఉచితంగా రేవు దాటిస్తానని తండ్రి ఒప్పుకున్నాడు. ఈ ఒక్క జవాబుతో మీకు తండ్రి దొరికాడు, పడవ దొరికింది, కొడుకు మధ్యలో పారిపోతే ఎవరి పరువు పోతుందో తెలిసింది.

రెండో విడత: పాఠం లేని రోజుల్లో నీ పనేమిటి? ఇక్కడ తొందరపడకండి, ఎంతసేపైనా చెప్పనివ్వండి. మీ దేశంలో స్పెల్‌బుక్ అంటే తాటాకుల కట్ట అనుకుంటే, ఆకులు తయారుచేసే పని కుర్రాడిదే. లేత ఆకు కోసి తేవాలి, ఎండబెట్టాలి, ఉడకబెట్టాలి, మళ్ళీ ఆరబెట్టి నున్నగా రుద్దాలి, ఒకే కొలతకి కత్తిరించాలి, దారం దూర్చడానికి చిల్లు పెట్టాలి. గంటంతో అక్షరం గీసేటప్పుడు బరువు ఎక్కువైతే ఆకు చిరుగుతుంది, తక్కువైతే అక్షరం పడదు. గీసింది కంటికి ఆనాలంటే దాని మీద మసి రుద్ది తుడవాలి. కుర్రాడి వేళ్ళకి ఆ నలుపు వదలదు. వరద హెచ్చరిక రాగానే కట్టలన్నీ అటకెక్కించే పనీ అతనిదే, తన బట్టలు తడిసిపోయినా సరే. 2014 రూల్స్‌లో ఒక స్పెల్‌ని పుస్తకంలోకి ఎక్కించడానికి లెవెల్‌కి రెండు గంటలు, 50 బంగారు నాణేలు అని ఉంటుంది. చాలామంది డీఎంలు అది కొట్టేసి ముందుకెళ్ళిపోతారు. మీరు కొట్టెయ్యకండి. ఆ రెండు గంటలు అతని చేతులు ఏం చేస్తున్నాయో ఇప్పుడు టేబుల్ దగ్గర అందరికీ తెలుసు.

ఆ చాకిరీకి ప్రతిఫలం షీట్ మీద ఎక్కడ రాయాలంటారా? క్యారెక్టర్ గతాన్ని చెప్పే బ్యాక్‌గ్రౌండ్ దగ్గర. నచ్చిన రెండు స్కిల్స్, రెండు పనిముట్లో భాషలో ఎంచుకుని సొంత బ్యాక్‌గ్రౌండ్ కట్టుకోవచ్చని ఆ పుస్తకంలోనే ఉంది. మన కుర్రాడికి పడవ నడపడం, రాయసగాడి పనిముట్లు వస్తాయి. విజార్డ్ అనగానే అందరూ పండితుడి బ్యాక్‌గ్రౌండ్ తీసుకుంటారు. నన్నడిగితే అది అన్యాయం. పాఠం విజార్డ్ క్లాసులో ఎలాగూ ఉంది, పదేళ్ళ పనికి ఈ చోటు వదలండి. వరద రాత్రి పడవ తిప్పవలసి వచ్చినప్పుడు ఫైటర్ పక్కకి తప్పుకుని విజార్డ్ చేతికి గెడ ఇస్తాడు చూడండి, అప్పుడు మీ తమ్ముడి పన్నెండేళ్ళకీ విలువ వస్తుంది.

మూడో విడత: ఏ విద్య అడిగితే గురువు చెప్పనన్నాడు? దీనికి జవాబు వచ్చాక, ఎందుకు చెప్పలేదో మీరు నిర్ణయించి ఎవరికీ చెప్పకుండా దాచుకోండి. ఆ విద్య పెద్ద శిష్యుడికి మాత్రం చెప్పాడని కొన్ని సెషన్ల తర్వాత బయటపెట్టండి.

చచ్చిపోయిన గురువుని తిరిగి బతికించకండి. బతికిస్తే ఆ మొదటి సెషన్‌లో మీ తమ్ముడు పడ్డ బాధ ఉత్తదైపోతుంది. అయితే గురువు పోయినంత మాత్రాన గురుదక్షిణ పోదు. ఆదిపర్వంలోనే ఉదంకుడి కథ ఉంది. నన్నయ మన రాజమహేంద్రవరంలో కూర్చుని తెనిగించిన కథ. చదువయ్యాక దక్షిణ ఏమివ్వమంటారని ఉదంకుడు అడిగితే, పౌష్యమహారాజు భార్య కుండలాలు తెమ్మని గురుపత్ని కోరుతుంది. అదీ గడువులోగా. కుండలాలు చేతికొచ్చాక తక్షకుడు కాజేసి పాతాళానికి పోతాడు. ఉదంకుడు వెంటపడి నాగలోకం దాకా వెళ్ళి, నాగుల్ని స్తుతించి, ఎలాగో సంపాదించి సమయానికి తెచ్చి ఇస్తాడు. తర్వాత తక్షకుడి మీద పగతో వెళ్ళి జనమేజయుణ్ణి సర్పయాగానికి ఉసిగొల్పింది కూడా ఇతనే. ఒక శిష్యుడు తీర్చవలసిన చిన్న బాకీలోంచి అంత పెద్ద కథ పుట్టింది. అడిగింది గురువు కాదు, గురుపత్ని అన్నది గమనించండి. మీ ఆటలో గురువుగారి భార్య బతికే ఉంటుంది కదా? రేపటి సెషన్‌కి ఆవిడ్ని తీసుకురండి. "ఆయన పోయాడు, నీ దక్షిణ మాత్రం ఉండిపోయింది నాయనా" అని ఆవిడ చేత అనిపించండి.

ఏమడగాలో మీ ఇష్టం. గడువు మాత్రం తప్పకుండా పెట్టండి. గోదారికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు కదా, ఈ బాకీకీ అలాగే మూడు హెచ్చరికలు పెట్టండి. మొదటి దానికి గురుపత్ని కబురు పంపుతుంది. రెండో దానికి అదే పుష్కరంలో చేరిన తోటి శిష్యులు మొహం చాటేస్తారు, స్పెల్ అరువడిగితే ఇవ్వరు. మూడో దానికి పెద్ద శిష్యుడే బయల్దేరి వచ్చి తాటాకుల కట్ట వెనక్కిచ్చెయ్యమంటాడు. స్పెల్‌బుక్ పోతే విజార్డ్ పనైపోయినట్టే కాబట్టి టేబుల్ దగ్గర ఎవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు.

ఇప్పుడు పిన్నిగారబ్బాయి సంగతికి వద్దాం. ఇచ్చిన లెవెల్ వెనక్కి తీసుకోకండి. ఒకసారి ఊఁ అన్నాక లాక్కుంటే తగువు తమ్ముడి దగ్గర్నుంచి అతనికి మారుతుంది, అంతే. ఆ లెవెల్‌కి ఒక గురువుని చూడండి. ఆ గురువు మీ తమ్ముడి విజార్డే.

నాలుగు లెవెల్స్‌గా ఇద్దరూ ఒకే నిప్పు చుట్టూ పడుకుంటున్నారు. రోజూ పొద్దున్నే విజార్డ్ కట్ట విప్పి స్పెల్స్ సిద్ధం చేసుకుంటుంటే ఫైటర్ చూస్తూనే ఉన్నాడు. మీ తమ్ముణ్ణి అడగండి: "వీడికి ఎన్నాళ్ళుగా చెబుతున్నావు? ఏం చూసి చెప్పాలనిపించింది?" జవాబు అతని నోటి నుంచే రావాలి. ఆ ఒక్క రాత్రి అలా ఎన్నో రాత్రులవుతుంది. ఆ రాత్రులు ఇచ్చిందీ మీ తమ్ముడే అవుతాడు. షీట్ మీద ఇలా చెయ్యండి: ఫైటర్‌కి రావలసిన ఆరు స్పెల్స్‌లో రెండు ఇప్పుడే ఇవ్వండి, అవి తమ్ముడి కట్టలోవే అయ్యుండాలి. మిగతా నాలుగూ మజిలీల్లో ఒకటొకటిగా, ఖర్చు లేకుండా, తమ్ముడు నేర్పితేనే వస్తాయి. రెండు లెవెల్స్ లోపల అన్నీ ఇచ్చెయ్యాలని ముందే ఖాయం చెయ్యండి, లేకపోతే గురువు హోదా దొరికిన తమ్ముడు ఏడిపించవచ్చు. ఇదంతా పిన్నిగారబ్బాయి ఒప్పుకుంటేనే. గురువూ వద్దు, శిష్యరికమూ వద్దు, నాకు మంత్రం మాత్రం కావాలంటే అతనికి తగిన క్లాసు సార్సరర్. పుట్టుకతో వచ్చిన శక్తికి చదువుతో పని లేదు, కరిజ్మా (ఆకర్షణ) 13 ఉంటే చాలు. అప్పుడు మీ తమ్ముడికీ పేచీ ఉండదు, ఎందుకంటే అది తను చదివిన చదువు కాదు.

అతను శిష్యుడవడానికే ఒప్పుకుంటే మాత్రం దీనికి ఇంకో మెలిక కట్టవచ్చు. గురుదక్షిణ తీర్చనివాడికి శిష్యుల్ని చేర్చుకునే హక్కు లేదని మీ దేశంలో నియమం పెట్టండి. అంటే మీ తమ్ముడు చేసింది తప్పే. ఆ సంగతి పెద్ద శిష్యుడికి తెలిస్తే ఇద్దరికీ ముప్పే. దక్షిణ తీర్చడం ఇప్పుడు ఇద్దరి అవసరం అవుతుంది. ఇక్కడ కచుడి కథ కూడా అక్కరకొస్తుంది. దేవతల తరఫున శుక్రాచార్యుడి దగ్గర మృతసంజీవని నేర్చుకోవడానికి వెళ్ళి, రాక్షసుల చేతిలో చచ్చి బతికి, చివరికి బూడిదై గురువుగారి కడుపులోకి చేరి, అక్కడే విద్య నేర్చి బయటికొచ్చిన కచుణ్ణి, ఆ విద్య నీకు పనిచెయ్యదని దేవయాని శపిస్తుంది. నాకు పనిచెయ్యకపోతే పోనీ, నేను నేర్పినవాళ్ళకి పనిచేస్తుందంటాడు కచుడు. మూడో విడతలో గురువు చెప్పనన్న విద్య ఉంది చూశారా, అది మీ తమ్ముడి చేతికి దొరికిన రోజున ఈ షరతుతో దొరకనివ్వండి: తను ప్రయోగించలేడు, నేర్పగలడు. నేర్చుకోడానికి పక్కన ఉన్నది ఒక్క ఫైటరే. ఆ స్పెల్ పడాలంటే ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు. కర్ణుడికి పరశురాముడిచ్చిన శాపం, అంటే అవసరానికి అస్త్రం గుర్తురాకపోవడం, ఆటలో వాడాలని చాలామందికి తోస్తుంది కానీ వద్దు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు డీఎం "నీకు గుర్తు రావట్లేదు" అంటే ఆటగాడికి ఒళ్ళు మండుతుంది.

పక్కింటి పాప విషయం తేలిక. శిష్యులుగానే ఆట మొదలుపెట్టే పద్ధతులు వేరే ఆటల్లో ఉన్నాయి. 1986 నాటి వార్‌హామర్‌లో విజార్డ్ శిష్యుడు అన్నదే ఒక వృత్తి, అందులోంచి పైకి రావాలి. 2012లో వచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో సున్నా లెవెల్ పల్లెటూరివాళ్ళని తలా ముగ్గురు నలుగుర్ని ఆడిస్తారు, వాళ్ళలో మంత్రగాడి శిష్యుడూ పడవచ్చు, ఎక్కువమంది చచ్చిపోతారు. సరదాగా ఉంటుంది గానీ అయిదో లెవెల్ వాళ్ళ మధ్య ఒక్క పాపని సున్నా లెవెల్‌లో పెడితే మొదటి తోడేలుకే పోతుంది, మళ్ళీ రాదు. ఆమెకీ మిగతావాళ్ళ లెవెలే ఇవ్వండి. కథలో మాత్రం పుష్కరం పూర్తికాని శిష్యురాలిగా పెట్టండి. మీ తమ్ముడి గురువుగారింట్లో ఆఖరున చేరిన పిల్ల. ఆయన పోయిన రాత్రి ఇంట్లో ఉన్నది ఆమే, కట్టలు అటకెక్కించిందీ ఆమే. గురుపత్ని కబురు పట్టుకుని రేవు దాటి వచ్చేది కూడా ఆమే అయితే, కొత్త క్యారెక్టర్‌ని కథలోకి ఎలా తేవాలన్న బెంగ మీకుండదు.

వచ్చే సెషన్‌కి ముందు తమ్ముడితో ఒక గంట విడిగా కూర్చోండి. ఆ నాలుగు పేజీలూ మీ ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్న మనుషుల పేర్ల కింద గీతలు గీయించండి. పేరు లేనివాళ్ళకి అతని చేతే పేర్లు పెట్టించండి. ఆ తర్వాత అక్కణ్ణించే ఇద్దరూ కలిసి మీ పిన్నిగారింటికి వెళ్ళండి.